చెవులపిల్లికి తెలియని దూప

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఆదివారం పొద్దున వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే ఫోను ఆగకుండా మోగింది. మా పాత ల్యాబు వాళ్ళ గ్రూపు. ఏ పండక్కో పబ్బానికో తప్ప నోరు విప్పని గ్రూపది. తెరిచి చూస్తే మా గైడు సార్ రాశారు: "మన ప్రయోగశాల కుటుంబం ఒక పెద్దదిక్కును కోల్పోయింది. కుండీల షెడ్డులో ఆమె చేసిన సేవలు మరువలేనివి." దాని కింద దండం బొమ్మలు. ఒకరు రెండు పెడితే, తక్కువ కాకూడదని ఇంకొకరు మూడు పెట్టారు.

పెద్దదిక్కట! మరువలేనివట! ఆమెను ఒక్క మాటతో గేటు బయటికి పంపిన మనిషి ఆయనే. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆమె బతికుందా చచ్చిందా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఇప్పుడు అందరికీ ఒకేసారి దుఃఖం పొంగుకొచ్చింది. అంతకంటే రోత ఏమిటంటే, నా వేలు కూడా అలవాటుకొద్దీ దండం బొమ్మ మీదికే పోయింది. ఫోను బోర్లా పెట్టేసి కూర్చున్నాను. ఆ పూట కూర వండలేదు.

ఆమె ఎవరో చెప్పాలి కదా. నాకు చుట్టం కాదు. కరీంనగర్ అవతల ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నేను డాక్టరేటు కోసం పనిచేసిన రోజుల్లో, అక్కడి కుండీల షెడ్డు చూసుకునే కూలి మనిషి. చొప్పదండి దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేది. వయసులో పెద్దది కాబట్టి అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. అందరినీ బిడ్డా అనేది, నన్ను మాత్రం డాక్టరు బిడ్డా అనేది. "ఇంకా కాలేదు పెద్దమ్మా" అంటే, "అయితవు తీయ్! పొద్దుందాక గా గాజు గొట్టాలల్ల మొకం వెట్టుకొని కూసుంటవు. కాకేం జేస్తవు?" అనేది. అది మెచ్చుకోలో వెక్కిరింతో నాకు ఏనాడూ తేలలేదు.

ఆమె కుడిచేతి చిటికెన వేలి గోరులో ఎప్పుడూ నల్లమట్టి ఉండేది. ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా పోయేది కాదు. ఎందుకంటే ఆ వేలే ఆమె కొలకర్ర. కుండీ ముందు గొంతుక్కూర్చుని చిటికెన వేలిని రెండో కణుపు దాకా మట్టిలో దింపి, కళ్ళు మూసుకుని, "ఇంక ఒకరోజు ఆగుతది" అనో, "దీనికి ఇప్పుడే కావాలె" అనో చెప్పేది. మా దగ్గర మట్టి తడి చూసే మీటరు ఉండేది. ఆమె చెప్పాక మీటరు గుచ్చి చూసేదాన్ని. ఆమె మాట తప్పిన రోజు నాకు గుర్తు లేదు. మీటరు మాత్రం తరచూ చెడిపోయేది.

మక్క ఆకు, అంటే మొక్కజొన్న ఆకు, చదవడం నేను పుస్తకంలో నేర్చుకోలేదు, ఆమె దగ్గర నేర్చుకున్నాను. మధ్యాహ్నం ఎండకు ఆకు ముడుచుకుంటే నేను కంగారుగా నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆమె నవ్వేది. "పగటీలి ముడుసుకునుడు దూప గాదు బిడ్డా, అలసట. మనం కొంగు నెత్తి మీదేసుకోమా, గట్ల. పొద్దుగాల జూడు. పొద్దుగాల సుత ముడుసుకోని ఉన్నదంటె గప్పుడు దూప." దాహాన్ని మా వైపు దూప అంటారు. ఆ మాటలో నోరెండిపోవడం ఉంది. పరిశోధన వ్యాసాల్లో మేం దాన్ని నీటి కొరత ఒత్తిడి అని రాసేవాళ్ళం.

మా పని కూడా ఆ దూప మీదే. మొక్కకు నీళ్ళు అందకపోతే చావకుండా ఉండటానికి తన లోపల కొన్ని ప్రత్యేకమైన ప్రొటీన్లు తయారు చేసుకుంటుంది. కంటికి కనబడవు. వాటిని పట్టుకోవడానికి యాంటీబాడీ కావాలి. ఆ ప్రొటీన్‌ను కుందేలుకు సూదిమందులా ఎక్కిస్తారు. కుందేలు రక్తంలో దాన్ని గుర్తుపట్టే పదార్థం పుడుతుంది. దాన్ని తీసి, వడగట్టి, వేలెడంత సీసాలో మంచులో పెట్టి అమ్ముతారు. మేం మక్క ఆకు నూరి రసం తీసి, దాన్ని జున్నులాంటి జెల్ పలక మీద ఉన్న చిన్న చిన్న గుంటల్లో పోసి, కరెంటు పెట్టి నడిపించి, తర్వాత కాగితం లాంటి తెల్లటి పొర మీదికి ఎక్కించి, ఆ పొరను ఈ యాంటీబాడీలో ముంచుతాం. మనం వెతికే ప్రొటీన్ ఉంటే అక్కడ నల్లటి గీత పడుతుంది. గీత ఎంత చిక్కగా ఉంటే మొక్క అంత బాగా దూపను తట్టుకుంటోందని లెక్క.

ఈ పనిలో పాలు కూడా కావాలి. యాంటీబాడీ కనబడ్డచోటల్లా అంటుకోకుండా ముందు ఆ పొరను వెన్న తీసిన పాలపొడి నీళ్ళలో నానబెడతాం. అయిపోయాక ఆ పాలు పారబోస్తాం. అది చూసినప్పుడల్లా పెద్దమ్మ మొహం చిట్లించేది. "ఛీ, పాలు మోరిల పోస్తరా ఎవలన్న? ఎసుంటి సదువు బిడ్డా మీది?" ఒకరోజు నేను చూడకుండా ఆ పాలు గిన్నెలోకి వంచి, షెడ్డు వెనక తిరిగే పిల్లికి పెట్టబోయింది. అందులో సబ్బులాంటి మందు కలుస్తుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. "పెద్దమ్మా! అది తాగితే పిల్లి చస్తది!" ఆమె గిన్నె నేలమీద పెట్టి నన్ను కిందికీ మీదికీ చూసింది. "పాలల్ల సబ్బు కలిపిండ్రా? ఇగ మీకు ఏం జెప్పాలె" అంటూ వెళ్ళిపోయింది. రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

యాంటీబాడీ సీసా వచ్చిన రోజు మాత్రం ఆమె ల్యాబు గుమ్మం దగ్గరే నిలబడింది. సార్ దాన్ని దేవుడి ప్రసాదంలా రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. ఆయన పోయాక పెద్దమ్మ మెల్లగా అడిగింది.

"ఏందిది బిడ్డా, గింత సీసల ఏమున్నది?"

"చెవులపిల్లి రక్తం నుంచి తీసిన మందు, పెద్దమ్మా. మక్క దూపగొంటే ఆకుల ఒక పదార్థం పుడతది. దాన్ని ఇది పట్టిస్తది."

మా దగ్గర కుందేలును చెవులపిల్లి అంటారు. ఆమె బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "చెవులపిల్లికి మక్క దూప ఎట్లెరుక?"

"దానికి ముందుగాల ఆ పదార్థం సూదేస్తరు. దాని రక్తం గుర్తువెట్టుకుంటది."

"గుర్తువెట్టుకుంటె మంచిదే. మరి తప్పు పోల్చుకుంటె? దూరంకెల్లి నడక జూసి మా తమ్ముడే అనుకొని ఎవన్నో పిలువమా, గట్ల?"

నేను పడీపడీ నవ్వాను. సాయంత్రం టీ దగ్గర అందరికీ చెబితే వాళ్ళూ నవ్వారు. సార్ కూడా నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీద ఉమ్మెయ్యాలనిపిస్తుంది. ఎందుకంటే యాంటీబాడీ కొన్న ప్రతివాళ్ళూ మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే. ఇది నిజంగా మనం వెతికే ప్రొటీన్‌నే పట్టుకుంటోందా, లేక దానిలా ఉండే ఇంకోదాన్ని పట్టుకుని మనల్ని మోసం చేస్తోందా? దానికి పరీక్షలున్నాయి. మేం ఒక్కటీ చేయలేదు. "సీసా మీద రాసుంది కదమ్మా, మళ్ళీ మనం ఎందుకు చూడ్డం" అన్నారు సార్. సరే సార్ అన్నాను. చదువు రాని మనిషికి వచ్చిన అనుమానం మా ఇద్దరికీ రాలేదు. వచ్చినా పక్కకు నెట్టామేమో. అదే నిజం అనుకుంటాను.

సార్ ఏళ్ళ తరబడి తయారు చేసిన మక్క రకం ఒకటుంది. వానలు మొహం చాటేసినా నిలబడుతుందని ఆయన నమ్మకం. ఆ ఏడాది దాన్ని కుండీల్లో పెంచాం. సగం కుండీలకు పచ్చచీటీ, అంటే రోజూ నీళ్ళు. సగం కుండీలకు ఎర్రచీటీ, అంటే పది రోజులు చుక్క నీళ్ళు పోయకూడదు. అంతకుముందు ఏడాది మామూలు మక్కను అదే షెడ్డులో అలాగే ఎండబెడితే ఆరో రోజుకే పొద్దున పూట కూడా ముడుచుకుపోయింది. అప్పుడు పెద్దమ్మ ఇంకా పొలంలో కలుపు పనిలో ఉండేది, షెడ్డుకు రాలేదు. ఈసారి ఎనిమిదో రోజు వచ్చినా ఎర్రచీటీ మొక్కలు పచ్చగా నవ్వుతున్నాయి. సార్ షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ ఎవరెవరికో ఫోన్లు చేశారు. ఆ ఆనందంలో ఆయన ఒక్కసారైనా మట్టిలో వేలు పెట్టి చూడలేదు. నేనూ పెట్టలేదు, మీటరూ గుచ్చలేదు. పైమట్టి ఎండి బీటలు వారి ఉంది కదా, చాలనుకున్నాం.

పదో రోజు ఆకులు కోసి రసం తీసి యాంటీబాడీలో ముంచాను. ఎర్రచీటీ మొక్కల దగ్గర చిక్కటి నల్లగీత పడింది. పచ్చచీటీ మొక్కల దగ్గర, అంటే దూప అన్నదే ఎరగని మొక్కల దగ్గర కూడా దాదాపు అంతే నల్లగా పడింది. అది పడకూడదు. పొర పట్టుకుని సార్ గదికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూసి, "పచ్చదాంట్లో రసం ఎక్కువ పోసుంటావమ్మా. ఈసారి సగం పొయ్యి" అన్నారు. నేను ఎక్కువ పోయలేదు. కొలిచి సమానంగా పోశాను. అయినా వెళ్ళి సగమే పోశాను. గీత పల్చగా వచ్చింది. ఫొటో తీశాం. ఎంత ముద్దుగా వచ్చిందో! ఎర్రదాంట్లో చిక్కగా, పచ్చదాంట్లో ఉందా లేదా అన్నట్టు. ఆ ఫొటో పెద్ద పత్రికలో అచ్చయింది, కింద నా పేరుతో సహా. మిఠాయి పెట్టె తెచ్చి షెడ్డులో అందరికీ పంచాను. పెద్దమ్మ కూడా ఒకటి తీసుకుని, సగం విరిచి నా నోట్లోనే పెట్టింది.

ఆ తర్వాత కేంద్రంలో రైతుల సదస్సు జరిగింది. పెద్దమ్మ కుర్చీలు వేసింది, మంచినీళ్ళు అందించింది. సార్ మైకు ముందు నిలబడి, ఈ మక్కను వచ్చే వానాకాలం ఖానాపూర్ వైపు మెట్టచేన్ల రైతులకు పరీక్ష కోసం ఇస్తున్నామని ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ చేతిలో గ్లాసుల పళ్ళెం ఉంది. ఆమె కూతురిని ఇచ్చింది ఆ వైపే. బీడీలు చుడుతూ రెండెకరాల మెట్ట చెలక చూసుకుంటుంది, అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. జనం వెళ్ళిపోయాక పెద్దమ్మ సార్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను లోపలే ఉన్నాను.

"సారూ, గా మక్క రైతులకియ్యకుండ్రి. అది దూపకు ఆగేది కాదు. ఎర్రచీటీ కుండీలకు నేను నీళ్ళు వోసిన."

సార్‌కు మొదట అర్థం కాలేదు. ఆమె చెప్పింది. నాలుగో రోజు నుంచి పొద్దున మేం రాకముందే, ప్రతి ఎర్రచీటీ కుండీలో మొదలు పక్కన చిటికెన వేలితో బొక్క చేసి, పైన తడి కనబడకుండా చెంబుతో లోపలికి పోసేది. "మీరు ఎండవెట్టమన్నరు, ఎరుకే. గని పొద్దుగాల్ల వచ్చేసరికి గట్ల ముడుసుకొని జూస్తుంటె నాకు బుక్క దిగలే సారూ. దూపగొన్నదాని ముంగట నిలవడి నీళ్ళు తాగినోళ్ళం గాదు మేము. తప్పు జేసిన. నన్నేమన్న అనుండ్రి. గని గీ మక్కను నమ్మి ఎవలన్న రైతు ఏసుకుంటె ఆగమైతడు."

కూలి పోతుందని ఆమెకు తెలుసు. తెలిసే వచ్చింది. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, అందులో శాస్త్రం చదివినవాళ్ళం ఇద్దరం. నిజం చెప్పింది ఆమె ఒక్కతే.

నాకైతే క్షణంలో అంతా అర్థమైంది. ఎర్రచీటీ మొక్కలకు కూడా నీళ్ళు అందాయి. అంటే రెండు వైపులా దూప లేదు. దూప లేనిచోట ఆ ప్రొటీన్‌కు అంత నల్లటి గీత రాదు. రెండుచోట్లా వచ్చిందంటే ఆ యాంటీబాడీ మక్కలో మామూలుగానే ఉండే ఇంకేదో ప్రొటీన్‌ను పట్టుకుంటోంది. తమ్ముడనుకొని ఎవన్నో పిలుస్తోంది. మొదటి పొర మీద కనిపించింది తప్పు కాదు, అదే నిజం. నేను సగం పోసి చెరిపేశాను. ఆ మాట చెప్పడానికి నాకు నోరుంది. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

సార్ నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఈమె నీళ్ళు పోయడం నువ్వెప్పుడైనా చూశావా?"

"చూడలేదు సార్" అన్నాను. అబద్ధం కాదది. నిజంగానే చూడలేదు. ఇన్నేళ్ళలో నేను ఆడిన అబద్ధాలన్నీ కలిపినా ఆ ఒక్క నిజం అంత నీచంగా ఉండవు.

పెద్దమ్మ నన్ను చూసింది. "బిడ్డనేం అడుగకుండ్రి సారూ. ఆమెకేం ఎరుకలేదు" అంది. నన్ను కాపాడింది, చూడండి! నన్ను!

మర్నాటి నుంచి ఆమెను పనికి పంపొద్దని కాంట్రాక్టరుకు చెప్పారు. ప్రయోగం పాడు చేసిందన్నది కారణం. ప్రయోగం పాడైందని మనిషిని తీసేశారు, పాడైన ప్రయోగాన్ని మాత్రం దాచుకున్నారు. వ్యాసం వెనక్కు తీసుకోలేదు. విత్తనం ఆపలేదు. గేటు దగ్గర ఆమె మూట సంకలో పెట్టుకుని నిలబడితే వెళ్ళాను. "నీ సదువు ఖరాబు జేస్తిని గద బిడ్డా" అంది. "ఏం కాదు పెద్దమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. అంతే. మిగతా సగం మింగేశాను. ఆమె తలూపి బస్సెక్కింది.

ఆ వానాకాలం మధ్యలో చాలా రోజులు వాన మొహం చూపించలేదు. ఖానాపూర్ వైపు వేసిన మక్క పొద్దున పూట కూడా ముడుచుకుంది. రైతులు అడిగితే కేంద్రం వాళ్ళు మొదట మట్టి మంచిది కాదన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అది చెల్లకపోయేసరికి, షెడ్డులో ఒక కూలి ఆమె దొంగతనంగా నీళ్ళు పోసి మొత్తం తారుమారు చేసిందని, తప్పంతా అక్కడ జరిగిందని ఊరూరా చెప్పారు. ఆమె ఆపమని వచ్చి చెప్పిన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పని పోయాక ఆమె చేరింది కూతురి ఇంటికే. అంటే ఆ మాట పడ్డ ఊళ్ళోనే ఆమె మిగిలిన బతుకంతా బతికింది. ఈ సంగతి అప్పట్లోనే నా చెవిన పడింది. అప్పుడు కూడా కదల్లేదు. డాక్టరేటు తీసుకున్నాను. కరీంనగర్‌లో ఒక కాలేజీలో చేరాను. యాంటీబాడీ అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ వేసి పిల్లలకు చెబుతున్నాను.

ఈ నాలుగు మాటలు రాసే ముందు ఆ పత్రికకు ఉత్తరం పంపాను, నేను పచ్చచీటీ గుంటలో సగమే పోశానని. సార్‌కు ఎలా తెలిసిందో, ఫోన్ చేశారు. "పోయినావిడ కోసం బతికున్నవాళ్ళ గొంతు కోస్తావా? నీ డిగ్రీ ఉంటుందనుకుంటున్నావా?" అన్నారు. ఉండకపోతే పోనివ్వండి సార్ అన్నాను. ఆయన ఇంకా ఏదో అంటుంటే పెట్టేశాను. ఇదేదో ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, అదీ కాలింది నా చేతులు కావు.

ఆ ఉత్తరం కూడా నాకై నేను రాయలేదు. రాయించింది ఆమె కూతురు.

పదకొండో రోజున వెళ్ళాను. జగిత్యాల మీదుగా గోదావరి దాటి ఖానాపూర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో. మొహం చూపించి, నాలుగు మెతుకులు తిన్నట్టు చేసి వచ్చేద్దామనే వెళ్ళాను. ఇంటి ముందు షామియానా వేశారు. గోడవారగా కుర్చీ వేసి దాని మీద ఫొటో పెట్టారు. కూతురికి నలభై దాటి ఉంటాయి, అచ్చం తల్లి ముక్కు. నేను ఎవరో చెప్పగానే నా రెండు చేతులు పట్టుకుంది.

"డాక్టరు బిడ్డ నువ్వేనా మేడం? అవ్వ ఆఖరి దినాలల్ల నీ ముచ్చటే. గా పిల్ల సదువు నా పాపాన ఆగమైందో ఏమో, డాక్టరు అయ్యిందో కాలేదో, జర ఎవలనన్న అడుగు బిడ్డా అంటుండె. ఎవలనడుగుదు నేను? నీ నంబరు సుత లేదు. అయినవా మేడం?"

అయ్యాను అని చెప్పాలి. "అయిన అక్కా" అన్నాను. ఆమె చేతులు వదలకుండానే భుజంతో కళ్ళు తుడుచుకుని, "సల్లంగుండు. అవ్వ గుబులు వట్టిగనే పెట్టుకున్నది" అంది.

ఇక నావల్ల కాలేదు. అక్కడే నిలబడి మొత్తం చెప్పాను. మీ అవ్వ నా చదువు పాడు చేయలేదు, ఆమె నీళ్ళు పోయడం వల్లే మా మందు పనికిరానిదని బయటపడింది, అది నాకు ఆనాడే తెలుసు, తెలిసి నోరు మూసుకున్నాను, గీత నేనే చెరిపాను, విత్తనం ఇవ్వొద్దని ఆమె బతిమాలింది, మేం వినలేదు. అంతా చెప్పాను. ఏడ్వలేదు. ఏడిస్తే ఆమె నన్నే ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని చేయదలచుకోలేదు.

ఆమె తిట్టలేదు. చేతులు మాత్రం వదిలేసింది. "గిది నాకు చెప్తె ఏం ఫాయిదా మేడం? గాళ్ళకు చెప్పు" అని షామియానా వైపు చూపించింది. "బోరింగుకాడికి పోతె సుత, సర్కారు పంట సంపినామె బిడ్డె అనేటోళ్ళు నన్ను. అవ్వను మొకం మీదనే అన్నరు. గుడికి సుత పోకుంటయింది."

చాపల మీద ఊరివాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడ్డాను. పిల్లలకు రోజూ గంటలు గంటలు పాఠం చెప్పే నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. యాంటీబాడీ, ప్రొటీన్ అనకుండా, చెవులపిల్లి మందు, దూప, నల్లగీత అని చెప్పుకుంటూ పోయాను. అయిపోయాక తెల్లతలపాగా పెద్దమనిషి ఒకాయన, ఆ మక్క వేసి నష్టపోయినవాడట, అడిగాడు.

"గట్లయితె, గామె నీళ్ళు వోసుడు తప్పు కాదా?"

"తప్పే తాతా. కాని ఆమె చేసిన తెల్లారి కాకపోయినా, మీకు విత్తనం రాకముందే వచ్చి చెప్పింది. మేం చెప్పలే."

ఆయన పక్కకు తిరిగాడు. "మరి మేం ముసల్దాన్ని అన్ని మాటలంటిమి గదనే" అన్నాడు, నాతో కాదు, పక్కనున్న తన ముసలామెతో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో లేచి విస్తర్లు వేయమన్నారు. నన్ను కూడా కూర్చోమన్నారు. నాకు అన్నం పెడుతున్న వాళ్ళ మొహాల్లోకి చూడలేకపోయాను.

కూతురు వడ్డించడానికి రాలేదు. ఏమైందోనని తల తిప్పి చూశాను. ఫొటో ముందు తల్లికి విడిగా విస్తరి వేసి అన్నం, కూర పెట్టి ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుంది. చెవుడున్న మనిషికి చెప్పినట్టు ముందుకు వంగి, నింపాదిగా చెబుతోంది. "అవ్వా, గామె వచ్చింది. డాక్టరు అయ్యిందట. నీ తప్పేం లేదట. అందరి ముంగట చెప్పింది. ఇన్నవా అవ్వా? అందరి ముంగట చెప్పింది." అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతూ, అన్నం మీద వాలుతున్న ఈగలను కొంగుతో తోలుతూ ఉంది.